ఆవిలా వారి మట్టింటికి ఇరవై నిమిషాలు చాలవు: దక్షిణ కాలిఫోర్నియా తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

వేసవి వచ్చిందంటే మన ఇళ్లన్నీ అమ్మానాన్నలతో, అత్తమామలతో కళకళలాడుతుంటాయి. వాళ్ల కోసం మీరు వేసే బస్సు ట్రిప్పుల గురించే ఈ ఉత్తరం. శనివారం పూట ఆఫీసు అలసట పక్కన పెట్టి, పులిహోర పొట్లాలు కట్టించి, మోకాళ్ల నొప్పులవాళ్లని ముందు సీట్లలో కూర్చోబెట్టి మీరు పడే శ్రమ నాకు తెలుసు. దాన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. రూట్లో ఒక్క మార్పు కోసం రాస్తున్నాను.

హాలీవుడ్, గ్రిఫిత్ అబ్జర్వేటరీ, శాంటా మోనికా బీచ్, మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి. ఏ సంఘం ట్రిప్పయినా ఇంచుమించు ఇదే. మధ్యలో డౌన్‌టౌన్‌లో యూనియన్ స్టేషన్ ఎదురుగా ఒల్వేరా స్ట్రీట్ దగ్గర ఇరవై నిమిషాలు ఆపుతారు. బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లు వెళ్తారు, చురోలు తినేవాళ్లు తింటారు, పెద్ద టోపీ పెట్టుకుని ఫొటో దిగేవాళ్లు దిగుతారు. ఆ వీధిలోనే ఆవిలా అడోబీ ఉంది. పచ్చి ఇటుకలతో కట్టిన ఇల్లు, లాస్ ఏంజెలెస్ నగరంలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఇళ్లలో అన్నిటికన్నా పాతది. టికెట్ లేదు, తలుపులు తీసే ఉంటాయి. మనవాళ్లలో ఎక్కువమంది దాని ముందు నుంచే నడిచి మళ్లీ బస్సెక్కేస్తారు.

కిందటేడు నేను వెళ్లిన ట్రిప్పులో పంచిన తెలుగు కాగితంలో దీని గురించి ఒక్క వాక్యం ఉంది: "1818లో స్పానిష్ జమీందారు కట్టించిన పురాతన భవనం." సంవత్సరం వరకూ సరే. తక్కినదంతా చెప్పకుండా వదిలేశారు. నా బాధల్లా ఆ వదిలేసిన దాని గురించే.

ముందు మనిషి సంగతి. ఫ్రాన్సిస్కో ఆవిలా స్పెయిన్‌వాడు కాదు, ఇప్పటి మెక్సికోలోని సినలోవా నుంచి వచ్చినవాడు. ఊరు అప్పటికే ఉంది. 1781 సెప్టెంబర్ 4న 44 మంది మనుషులతో మొదలైంది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికన్, స్థానిక తెగల, కలగలిసిన మూలాలున్న మామూలు జనం. పక్కనే యాంగా అనే పల్లె, ఇక్కడి స్థానిక తెగ టోంగ్వాలది, వీళ్లకన్నా ఎంతో ముందు నుంచీ ఉన్నది. ఆవిలా ఆ చిన్న ఊళ్లో ఎదిగి 1810లో ఆల్కాల్డే అయ్యాడు. మేయరూ మేజిస్ట్రేటూ ఒకడే అయిన పదవి అది. ఆయన డబ్బంతా పశువుల మీద వచ్చిందే. ఇప్పుడు విల్షైర్ పరిసరాల్లో మనం ట్రాఫిక్‌లో ఇరుక్కునే చోట ఆయనకి రాంచో లాస్ సియెనెగాస్ అనే 4,400 ఎకరాల పైచిలుకు మేతభూమి ఉండేది. తోళ్లూ, కొవ్వూ ఓడలవాళ్లకి అమ్మి, ఆ ఓడల్లో వచ్చిన సామానుతో ఊళ్లోని ఇంటిని నింపుకున్నాడు.

ఇప్పుడు ఇల్లు. మట్టి, ఇసుక, గడ్డి కలిపి తొక్కి, అచ్చుల్లో పోసి ఎండబెట్టిన ఇటుకలు. వాటి మధ్య పెట్టిందీ మట్టే. గోడ మందం రెండున్నర నుంచి మూడడుగులు. లోకప్పు మొదట్లో పదిహేనడుగుల ఎత్తున ఉండేదట. నేల మట్టిదే, గట్టిగా దిమ్మిస కొట్టి రోజూ నీళ్లు చల్లి ఊడ్చుకునేవాళ్లు. చెక్కపలకలు తర్వాత వచ్చాయి. కప్పు చదునుగా ఉండేది. కాటన్‌వుడ్ దూలాలు పరిచి, పైన లా బ్రేయా గుంటల నుంచి తెచ్చిన తారులో రాళ్లూ గుర్రం వెంట్రుకలూ కలిపి పూసేవాళ్లు. అప్పటి ఇల్లు ఇప్పటి దానికి దాదాపు రెండింతలు. ఎల్ ఆకారంలో ఒక కొస ఇప్పటి వీధి మధ్యదాకా వచ్చేది. మనవాళ్లు ఫొటో దిగే చోట ఒకప్పుడు వాళ్ల గదులుండేవన్నమాట.

ఈ కప్పు దగ్గర ఒక సంగతి చెప్పాలి. మా అత్తమ్మది అనంతపురం జిల్లా, పుట్టిందీ పెరిగిందీ మట్టి మిద్దెలోనే. ఆ ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆవిడ కుర్చీలూ మంచాలూ చూడలేదు. కిటికీ గూట్లో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి గోడ మందం చూసింది, తలెత్తి పైకి చూసింది. "పైన చౌడు పోసినారా?" అంది. మా వైపు మిద్దెల మీద దూలాలు, దంతెలు పరిచి, వాటి మీద మట్టేసి, పైన చౌడు మన్ను పోస్తారు. నీళ్లు దిగకుండా ఆపేది అదే. అక్కడున్న వాలంటీరు పెద్దాయనకి నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన తారు సంగతి చెప్పాడు. "గుర్రం వెంట్రుకలా! మేము వరిగడ్డి తొక్కేటోళ్లం" అని నవ్వింది. ఆ వెంటనే ఇంకోటి అడిగింది: "వానలకి ముందు ఏటేటా ఎవురెక్కి చూసుకునేటోళ్లు?"

పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. మట్టింటి గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రాతికోట ఎవరూ పట్టించుకోకపోయినా వందేళ్లు నిలబడుతుంది. మట్టిగోడ అలా కాదు. కప్పులో చిల్లు పడితే పైనుంచి కరుగుతుంది, గోడ అడుగున నీళ్లు నిలిస్తే కిందినుంచి తింటుంది. రెండొందల ఏళ్ల మట్టిల్లు ఉందంటే రెండొందల ఏళ్లూ ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉన్నారనే లెక్క. కట్టించినవాడి పేరొక్కటీ రాసి వాళ్లందరినీ కాగితంలో నుంచి తీసేశాం.

లెక్క చూడండి. ఫ్రాన్సిస్కో ఈ ఇంట్లో ఉన్నది 14 ఏళ్లు, 1832లో చనిపోయాడు. మొదటి భార్య మరియా దెల్ రోసారియో వెర్దూగో 1822లోనే పోయింది. తర్వాత చేసుకున్న ఎన్‌కర్నాసియోన్ సెపూల్వేదా చాలా చిన్నపిల్ల. ఆమె విధవరాలై కూడా 1855లో తను పోయేదాకా, అంటే ఇంకో 23 ఏళ్లు ఈ ఇంటిని పట్టుకుని ఉంది. ఆపైన కూతుళ్లు లూయిసా, ఫ్రాన్సిస్కా భర్తలతో కలిసి 1868 దాకా ఉన్నారు. ఇంటిపేరు ఆయనదే గానీ ఇల్లు ఎక్కువ కాలం ఆడవాళ్ల చేతుల్లోనే నడిచింది. అప్పట్లో ఇక్కడ నడిచిన స్పానిష్, మెక్సికన్ చట్టాల్లో భార్యకి సొంత ఆస్తి హక్కు ఉండేది. ఆ కాలంలో అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పెళ్లయిన ఆడదానికి ఆ మాత్రం కూడా లేదు. కాలిఫోర్నియా 1849 రాజ్యాంగంలో ఆ పద్ధతినే ఉంచుకుంది. ఇంత విషయం ఉంటే మనం "జమీందారు" దగ్గర ఆగిపోయాం.

ఎన్‌కర్నాసియోన్ ఉండగానే దేశం మారింది. మెక్సికోతో యుద్ధం చేస్తున్న అమెరికా తరఫున 1847 జనవరిలో నౌకాదళ అధికారి కొమొడోర్ స్టాక్టన్ సైన్యం రెండు రోజులు పోరాడి ఊళ్లోకి వచ్చింది. ఆవిడ అప్పటికే బంధువుల ఇంటికి వెళ్లిపోయింది. ఒక కుర్రాణ్ణి కాపలా పెడితే, వాడు సైన్యం బ్యాండు మేళం విని తలుపులు వదిలేసి చూడ్డానికి పరిగెత్తాడనీ, ఖాళీగా దొరికిన మంచి ఇంట్లో స్టాక్టన్ దిగాడనీ చెప్పుకుంటారు. కుర్రాడి కథ ఎంతవరకు నిజమోగానీ, దిగడం మాత్రం నిజం. కొద్ది రోజులు ఈ ఇల్లే అమెరికన్ సైన్యానికి మకాం. జనవరి 13న కహుయెంగా దగ్గర సంధి కుదిరింది, కాలిఫోర్నియాలో యుద్ధం ముగిసింది. ఈ ఇంటి గురించి ఇంగ్లీషులో చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ నాలుగు రోజుల గురించే చెప్తారు. మన పెద్దలకి దాని తర్వాత జరిగింది ఎక్కువ అర్థమవుతుంది.

తర్వాత జరిగింది కాగితాల యుద్ధం. 1851 భూమి చట్టం వచ్చి, పాత పట్టాదారులంతా తమ భూములు తమవేనని కమిషన్ ముందు రుజువు చేసుకోవాలంది. రుజువు చేసుకున్నవాళ్లు కూడా లాయర్ల ఫీజులకీ, వడ్డీలకీ, పన్నులకీ అమ్ముకున్నారు. లూయిసా భర్త మాన్యుయెల్ గార్ఫియాస్ చేతిలో రాంచో సాన్ పాస్క్వాల్ ఉండేది, ఇప్పటి పాసడీనా అంతా అందులోదే. అప్పు చేసి ఇల్లు కట్టుకుని, వడ్డీ కట్టలేక భూమంతా పోగొట్టుకున్నాడు. 1862 నుంచి 64 దాకా కరువొచ్చి పశువులు వేలకి వేలు చచ్చాయి. తోళ్లూ కొవ్వుల కాలం దాంతో అయిపోయింది. రాయలసీమలో పుట్టినవాళ్లకి ఈ వరుస ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1868లో కుటుంబం వెళ్లిపోయాక 1870లో భూకంపానికి గోడలు దెబ్బతిన్నాయి. ఆపైన ఇల్లు అద్దెకిచ్చే లాడ్జి అయింది, హోటలయింది. వీధి పేరు కూడా 1877లో మారింది. అంతకుముందు వైన్ స్ట్రీట్, తర్వాత కౌంటీ మొదటి జడ్జి అగస్తీన్ ఒల్వేరా పేరు పెట్టారు. 1920లకి ఈ వీధి మురుగుతో నిండిన సందు. ఇల్లు నివాసానికి పనికిరాదని ఆరోగ్య శాఖ నోటీసు అంటించింది, కూల్చడమే మిగిలింది.

అప్పుడు వచ్చింది క్రిస్టీన్ స్టెర్లింగ్. ఆవిలాల బంధువు కాదు, మెక్సికన్ కూడా కాదు. ఓక్‌లండ్‌లో పుట్టిన మనిషి. ఇంటి కథ రాసి ఇంటి ముందే బోర్డు పెట్టింది, పేపర్లకి ఉత్తరాలు రాసింది, లాస్ ఏంజెలెస్ టైమ్స్ అధిపతి హ్యారీ చాండ్లర్‌ని తన వైపు తిప్పుకుంది. సిమన్స్ కంపెనీ ఇటుకలిచ్చింది, బ్లూ డైమండ్ కంపెనీ సిమెంటిచ్చింది. (వీధికి సిమెంట్ సరే. మట్టిగోడకి పూస్తే మాత్రం లోపలి తేమ బయటికి రాక గోడ కుళ్లుతుంది. ఊళ్లల్లో పాత మిద్దెలకి సిమెంట్ ప్లాస్టరింగు చేయించి "గట్టి చేశాం" అనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.) పనివాళ్లని పోలీస్ శాఖ ఇచ్చింది, జైల్లో ఉన్న ఖైదీలని. స్టెర్లింగ్ డైరీలో ఒక మాట చాలా ప్రసిద్ధం: ఖైదీల్లో ఒకడు మంచి వడ్రంగి, ఒకడు ఎలక్ట్రీషియన్, ఒక తాపీమేస్త్రీనీ ప్లంబర్‌నీ కూడా అరెస్టు చెయ్యాలని రోజూ రాత్రి దేవుణ్ణి ప్రార్థిస్తున్నానని రాసుకుంది. టూర్‌లో ఈ మాట చెప్తే అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను.

ఇక్కడే మన కాగితంలో ఇంకో నాలుగు వాక్యాలు కావాలి. 1850లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది, పేరులో స్థానికుల "రక్షణ" అని ఉంది. దాని కింద పని లేకుండా తిరుగుతున్నారని, తాగి ఉన్నారని స్థానిక జనాన్ని పట్టుకోవడం, జుల్మానా కట్టలేని వాళ్ల శ్రమని రాంచోల యజమానులకి వేలం వెయ్యడం లాస్ ఏంజెలెస్‌లో వారం వారం జరిగేది. అంతకు ముందు కూడా ఈ ఊళ్లో మట్టి తొక్కింది, పొలం దున్నింది, కాలవ తవ్వింది ఎక్కువగా టోంగ్వాలే. ఆ చట్టం వచ్చిన ఎనభై ఏళ్లకి అదే ఊళ్లో ఖైదీల చేత చరిత్రని మరమ్మతు చేయించారు. స్టెర్లింగ్ మీద కోపంతో అనడం లేదు. ఆవిడ లేకపోతే మనం చూడ్డానికి గోడే లేదు. 1930 ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం నాడు వీధిని తెరిచింది, తర్వాత ఆ ఇంట్లోనే కాపురముంది, 1963లో చనిపోయేదాకా ఆ వీధి బాగోగులు చూసింది. కానీ ఆవిడ కాపాడింది తన ఊహలో ఉన్న మెక్సికోని కూడా. గిటార్లూ పూలజడల మెక్సికో. వీధి తెరిచిన ఏడాదికే, 1931 ఫిబ్రవరి 26న, పక్కనే ఉన్న ప్లాజాని వలస శాఖ అధికారులు చుట్టుముట్టి నాలుగు వందల మందిని ఆపేసి కాగితాలు చూపించమన్నారు. 1932లో మెక్సికన్ చిత్రకారుడు సికేయిరోస్ అదే వీధిలో శిలువ మీద స్థానికుణ్ణి చూపిస్తూ పెద్ద కుడ్యచిత్రం వేస్తే దాని మీద సున్నం కొట్టించారు. పాత కళాకృతుల్ని కాపాడే గెట్టీ సంస్థ నగరంతో కలిసి చాలా ఏళ్లు కష్టపడ్డాక 2012లో గానీ జనానికి మళ్లీ కనబడలేదు. వీసా స్టాంపింగుల టెన్షన్ తెలిసిన మనం ప్లాజాలో నిలబడి ఆ 1931 సంగతి చెప్పకుండా చురో తినడం నాకు మింగుడుపడదు.

ఇంకో చిన్న సవరణ. లోపల ఉన్న మంచాలు, బల్లలు, పింగాణీ చూసి "అంతా 1818 నాటిదే" అని మనవాళ్లు అనుకుంటారు. 1971 ఫిబ్రవరి 9 భూకంపంలో ఈ ఇల్లు బాగా దెబ్బతింది. మూసేసి, గోడలకి బలం చేకూర్చి, గదుల్ని 1840ల చివరలో ఎలా ఉండి ఉండొచ్చో ఆ ప్రకారం అమర్చి తెరిచారు. అంటే మనం చూస్తున్నది ఎన్‌కర్నాసియోన్ ఒంటరిగా ఇల్లు నడిపిన కాలం, నూటముప్పై ఏళ్ల తర్వాతివాళ్లు ఊహించుకున్నట్టుగా. అదేమీ మోసం కాదు, అడిగితే అక్కడివాళ్లే చెప్తారు. మన కాగితంలోనూ చెప్దాం.

ఇంతకీ నేను అడిగేది. ఆ స్టాప్‌కి ఇరవై నిమిషాలు కాకుండా గంటన్నర ఇవ్వండి. టైమ్ ఎక్కడిదంటారా, హాలీవుడ్ నడకబాటలో తగ్గించండి. నక్షత్రాల మీద పేర్లు చదవడానికి మన పెద్దలకి అంత సేపు అవసరం లేదు, సగం మంది నీడ కోసం వెతుక్కుంటుంటారు. ఈ ఇంట్లో జూలై మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. పగటి వేడి మూడడుగుల మట్టి దాటి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది. ఏసీ బస్సు దిగినవాళ్లకి అది చెప్పనక్కర్లేదు, గుమ్మం దాటగానే తెలుస్తుంది.

అక్కడ మైకు పట్టుకుని మనం లెక్చర్ ఇవ్వొద్దు. పెద్దల్ని మాట్లాడనివ్వండి. మన బస్సులో మట్టి మిద్దె ఎక్కి చౌడు పోసినవాళ్లుంటారు, పేడతో అలికినవాళ్లుంటారు, పచ్చి ఇటుక కోసినవాళ్లుంటారు. వాలంటీర్లకి తెలియని విషయాలు వాళ్లకి తెలుసు. పిల్లల్ని పక్కన నిలబెట్టి అటూ ఇటూ అనువాదం చెయ్యమంటే సరిపోతుంది. అమెరికాలో ఆరు నెలలు "ఇది ముట్టుకోకు నాయనా, అది నొక్కకు అమ్మా" అని వినే మనుషులకి ఒక్క చోట తామే చెప్పేవాళ్లయ్యే అవకాశం దొరుకుతుంది. ప్రశ్నలు కూడా వాళ్లే బాగా అడుగుతారు.

వెళ్లేటప్పుడు వీధిలో అడ్డంగా పరిచిన ఇటుకల గీత కూడా చూపించండి. నది నుంచి ఊరికి నీళ్లు తెచ్చిన సాన్హా మాద్రే, అంటే తల్లికాలవ, పారిన జాడ అది. నీటి వంతుల గొడవలు చూసిన రైతులకి ఆ గీత దగ్గర పావుగంట పట్టినా నేను ఆశ్చర్యపోను.

కాగితం కొత్తగా నేను రాసిస్తాను, రెండు వైపులా ఒక్క షీటు, పెద్ద అక్షరాల్లో. ఫ్రాన్సిస్కో పేరుంటుంది. ఎన్‌కర్నాసియోన్, లూయిసా, ఫ్రాన్సిస్కా పేర్లుంటాయి, స్టెర్లింగ్ పేరుంటుంది, టోంగ్వాలూ, పేర్లు మిగలని ఖైదీలూ ఉంటారు. ఏది పాత గోడ, ఏది తర్వాతి అమరిక అన్నది విడిగా ఉంటుంది. మీలో ఎవరైనా చదివి తప్పులుంటే దిద్దండి. ఏ సంఘమైనా వాడుకోవచ్చు, కింద నా పేరు వెయ్యనక్కర్లేదు.

ఒక్క విన్నపం: పెద్ద గుంపు వస్తే ముందుగా చెప్పమంటారు, గదులు చిన్నవి. జూన్ ట్రిప్పు తేదీ ఖాయం కాగానే నాకు చెప్తే, వాళ్లతో మాట్లాడే పని నేను చూసుకుంటాను. యాభై మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు ఇంట్లో ఉన్నప్పుడు ఇంకో జట్టు కుడ్యచిత్రం దగ్గర ఉండేలా చూస్తే తోపులాట ఉండదు. చక్రాల కుర్చీ అవసరమయ్యేవాళ్లు ఎంతమందో కూడా రాయండి.

ఇట్లు,
మీ ట్రిప్పుల్లో అత్తమ్మతో ముందు సీట్లో కూర్చునే ఒక సభ్యురాలు